మన చెల్క నేలల మెటల్ డిటెక్టర్ నేర్చుకునుడు

మెటల్ డిటెక్టర్ కొత్తగ కొన్నోళ్ళు చాలమంది ఇంగ్లాండోళ్ళ వీడియోలు చూసి షురూ చేస్తరు. ఆ వీడియోలల్ల పచ్చగడ్డి పొలంల నిమ్మళంగ నడుస్తరు, మెషీన్ సప్పుడు చెయ్యదు, చేసిందంటే ఏదో ఒక నాణెం బయటికొస్తది. అదే మెషీన్ తెచ్చి మా నల్గొండ పక్క కనగల్ దిక్కు ఎర్ర చెల్కల పెట్టండి, కాయిల్ (మెషీన్ కింద ఉండే గుండ్రటి పళ్ళెం) నేలకు ఆనకముందే మోగుడు మొదలైతది. ఇగ మెషీన్ ఖరాబుదిచ్చిండని అమ్మినోన్ని తిట్టుకుంటరు. నేను గీ పోస్ట్ రాసేదే అందుకు, మెషీన్ మంచిదే, మన నేల సంగతి తెలుసుకోకుంట దాన్ని వాడలేం, ఆ సంగతి తెలుగుల చెప్పినోళ్ళు నాకు కనపడలే.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలల్ల కింద ఉన్నదంత గ్రానైట్ జాతి రాయి. అది వేల ఏండ్లు ఎండకు వానకు పొడి పొడి అయ్యి ఎర్ర చెల్క అయింది, ఆ ఎరుపే ఇనుము తుప్పు. దానికి తోడు గుట్టల నడుమ నుంచి కిలోమీటర్ల పొడుగు నల్లరాయి కట్టలు పోతుంటయి, జియాలజీ వాళ్ళు డోలరైట్ డైకులు అంటరు, ఆ రాయిల మాగ్నటైట్ ఉంటది, అంటే అయస్కాంతానికి లొంగే ఖనిజం. ఆ కట్టల పక్కన ఉన్న చేన్లల్ల పిడికెడంత నల్లరాయి కూడ మెషీన్‌కు లోహం లెక్కనే వినపడుతది. కొన్ని ఊర్ల దగ్గర పాతకాలం ఇనుము కరిగించిన చిట్టెం రాళ్ళు కూడ ఉంటయి, అవైతే ఇంక పరేషాన్ చేస్తయి. నా సలహా ఒకటే, ఇంట్ల ఒక అయస్కాంతం ముక్క ఉంటే దారం కట్టి జేబుల వేసుకోండి. తవ్వినంక రాయి తప్ప ఏం కనపడకపోతే ఆ రాయికి అయస్కాంతం తాకించి చూడండి, ఎంతో కొంత గుంజుతది. అప్పుడు సిగ్నల్ ఎక్కడినుంచి వచ్చిందో సమజైతది, మనసుకు కూడ నిమ్మళం.

మెషీన్ లోపట ఏం జరుగుతుందో జర తెలిస్తే మిగతాదంత అలకగ అర్థమైతది. కాయిల్ల రెండు రాగితీగ చుట్టలుంటయి. ఒకటి సెకనుకు వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలకు పంపుతది, కొత్తగ నేర్చుకునేటోళ్ళ మెషీన్లు ఎక్కువ శాతం 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ నడుమ నడుస్తయి. రెండో చుట్ట వింటది. మొదటిది పంపేది రెండోదానికి నేరుగ వినపడకుండ రెండింటిని సరిచూసి అమరుస్తరు. నేలల ఏదన్న లోహం ఉంటే దాంట్ల చిన్న చిన్న కరెంటు సుడులు పుట్టి, అవి మల్ల ఒక క్షేత్రాన్ని వెనకకు పంపుతయి, రెండో చుట్ట పట్టుకునేది దాన్నే. ఆ వచ్చిన సిగ్నల్ ఎంత ఎనకకు జరిగి వచ్చిందో చూసి స్క్రీన్ మీద నంబర్ వేస్తది. కరెంటు బాగ పారే రాగి, వెండి, కొంచెం మందమున్నయి పై నంబర్లల్ల వస్తయి. పల్చటి రేకులు, చిన్న చిన్న వస్తువులు కింది నంబర్లు. ఇనుము అన్నిటికన్న కింద. కాబట్టి ఆ నంబర్ చూసి ఇది బంగారం, ఇది వెండి అని ఎవలన్న చెప్తే నమ్మకండి, అదే లోహం పల్చగుంటే ఒక నంబర్, మందంగుంటే ఇంకో నంబర్.

లోతు సంగతి కూడ ఇక్కడనే చెప్పాలె, ఎందుకంటే మన దిక్కు మోసం జరిగేదే లోతు మీద. నాణెం అంత వస్తువు రెండింతల లోతుకు పోతే తిరిగొచ్చే సిగ్నల్ సగం కాదు, సుమారు అరవై నాలుగో వంతుకు పడిపోతది. పోయేటప్పుడు క్షేత్రం దూరం ఘనానికి తగ్గుతది, వచ్చేటప్పుడు మల్ల అట్లనే తగ్గుతది, రెండు కలిపితే ఆరో ఘాతం. అందుకే మామూలు మెషీన్‌కు నాణెం జానెడు లోతుల దొరికితే మంచి పనితనం కిందనే లెక్క. పది మీటర్ల కింద బంగారం చూపిస్తదని లక్షలు తీసుకుని అంటగట్టే మెషీన్లు ఉంటయి, చేతుల రాగి కడ్డీలు పట్టుకుని తిరిగేటోళ్ళు ఉంటరు. ఊర్లల్ల అప్పుచేసి మరీ వాళ్ళ చేతుల పైసలు పెట్టినోళ్ళ గురించి వింటుంటే నాకు కడుపు మండుతది. ఫిజిక్సే ఒప్పుకోని పని అది, మీ ఇంట్ల ఎవలన్న ఆ మాటలు వింటున్నరంటే దయచేసి ఆపండి.

ఇగ సెట్టింగులు. బయటికి పోయే ముందు ఇంట్ల సప్పుళ్ళు నేర్చుకోవాలె, గని నేల మీద పెట్టి చూడొద్దు, స్లాబ్ ఇల్లైతే గచ్చు కింద, పైన, అంత సలాకలే ఉంటయి. 1881ల అమెరికా ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చినప్పుడు ఒంట్ల దిగిన గుండు ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇసొంటి మెషీన్ ఒకటి తయారుచేసి పట్టుకపోయిండు. గుండు దొరకలే. పేషెంట్ పండుకున్న పరుపుల ఉక్కు స్ప్రింగులున్నయి, పైగా డాక్టర్ గుండు ఉందనుకున్న దిక్కే చూడనిచ్చిండు. నూటా నలభై ఏండ్ల కిందటి ఆ కథ నాకు ఎందుకు ఇష్టమంటే ఇయ్యాల్టికి కూడ కొత్తోళ్ళకు అడ్డమొచ్చేది గదే, చుట్టూ ఉన్న ఇనుము. మనకు ఇంట్ల నులక మంచం ఉంటే దానంత మంచిది లేదు, కట్టె, తాడు తప్ప ఏం ఉండదు (మేకులు కొట్టి రిపేర్ చేసింది కాకుండ చూసుకోండి). దాన్ని వాకిట్ల వేసి, చేతి ఉంగరం, కడెం తీసి, సెల్ దూరం పెట్టి, ఒక్కో వస్తువు మంచం మీద పెట్టి కాయిల్ తిప్పుతా వినాలె. మేకు, నట్టు, సీసా మూత, గోళీల షీటు రేకు, రాగి తీగ ముక్క, ఇంట్ల అడిగి తెచ్చుకున్న బంగారు కమ్మ, వెండి పట్టగొలుసు, అన్ని రకాల పైసలు. ఒక నోట్‌బుక్కుల నంబర్లు రాసుకోండి. నోట్‌బుక్కు కన్న చెవి తొందరగ నేర్చుకుంటది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంక తొందరగ.

పైసల దగ్గర ఒక ముచ్చట. మన ఇప్పటి ఒక్క రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, 1992 నుంచి వస్తున్న చిన్న రూపాయి అదే, అయస్కాంతం పెడితే దబ్బున అంటుకుంటది. అమెరికా వాళ్ళ కోసం తయారైన మెషీన్‌ల ‘కాయిన్ మోడ్’ పెట్టి మన రూపాయి మీద తిప్పితే నంబర్ ఒక్కకాడ నిలవదు, ఒక్కోసారి ఇనుము కింద లెక్కగట్టి సప్పుడే చెయ్యదు. అంతకుముందటి పెద్ద రూపాయి రాగి, నికెల్ కలిపింది, అది మంచిగ మోగుతది. అల్యూమినియం ఐదు పైసలు, పది పైసలు, అంచులు వంకలు తిరిగిన రెండు పైసలు ఊరి చేన్లల్ల బాగనే దొరుకుతయి, సప్పుడు శుభ్రంగుంటది. 1943 నుంచి 47 దాక వచ్చిన నడుమ తూటున్న పైస చూసినోళ్ళు ఇంట్ల ముసలోళ్ళుంటరు, అడిగి తెచ్చుకోండి, రాగి జాతి సప్పుడు ఎట్లుంటదో దాంతోని తెలుస్తది.

చేన్లకు పోయినంక మొట్టమొదట చేసేది గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మన్ను సప్పుడును మెషీన్ పట్టించుకోకుండ చేసుడు. లోహం లేని జాగ చూసుకుని, కాయిల్‌ను నేలకు రెండు అంగుళాల దగ్గరినుంచి అడుగెత్తు దాక నిదానంగ పైకి కిందికి ఆడిస్తా, ఎత్తినా దించినా సప్పుడు మారకుండ ఉండే వరకు సెట్ చెయ్యాలె, కొన్ని మెషీన్లల్ల బటన్ పట్టుకుంటే అదే చేసుకుంటది. కొనేటప్పుడే ఈ సౌకర్యం ఉందో లేదో చూడండి, కంపెనీల ఒక్కకాడ బిగించి పంపినయి మన ఎర్ర నేలల అరుస్తనే ఉంటయి. రేగడిల ఒక సెట్టింగ్, చెల్కల ఒకటి, ఒకటే చేన్ల రెండు రకాల మన్నుంటే రెండు సార్లు చెయ్యాలె. ఆ తర్వాత సెన్సిటివిటీ, అంటే మెషీన్ ఎంత చిన్న సిగ్నల్ దాక వినాలెనో పెట్టుకునేది. అందరు దాన్ని ఫుల్లు పెడ్తరు, ఎక్కువ పెడితే ఎక్కువ లోతు అనుకుని. మన నేలల ఫుల్లు పెడితే మన్ను సప్పుడు కూడ ఫుల్లయితది. మధ్యకన్న జర కిందికి దించి, మెషీన్ నిమ్మళపడ్డంక వెతికితే ఎక్కువ దొరుకుతది. బోరు మోటరు స్టార్టర్ డబ్బా దగ్గర, కరెంటు తీగల కింద కూడ మెషీన్ ఉత్తుత్తగనే కూస్తది, కరెంటు వచ్చే టైము ఏందో రైతునడిగి లేనప్పుడు ఆ మూల చూసుకోండి. యూరియా, పొటాష్ చల్లి నీళ్ళు పారిచ్చిన చేన్ల కూడ ఉప్పుతనం వల్ల కొంచెం లొల్లి ఉంటది.

కాయిల్ తిప్పుడు ఊయల ఊగినట్టు ఉండొద్దు, చివర్లకు పోంగనే పైకి లేస్తే అక్కడ లోతంత పోయినట్టే. నేలకు సమానంగ, గడ్డి తగిలి తగలనట్టు, ఒక వరుస మీద సగం ఇంకో వరుస పడేటట్టు, నిదానంగ. సప్పుడొచ్చినకాడ తూర్పు పడమరల తిప్పి, తొంభై డిగ్రీలు తిరిగి ఉత్తరం దక్షిణం తిప్పి చూడాలె. రెండు దిక్కుల ఒకటే తీరు మోగితే తవ్వొచ్చు. ఒక దిక్కు మంచిగ మోగి ఇంకో దిక్కు గరగర అన్నదంటే చాలవరకు పొడుగు మేకు. బీరు మూత మాత్రం నికరంగ మోసం చేస్తది, ఇనుమే అయినా పల్చటి గుండ్రటి బిళ్ళ కాబట్టి పైసల సప్పుడు చేస్తది. క్వార్టర్ సీసా అల్యూమినియం మూతలు ఇంక ఘోరం. మన చేన్ల గట్ల మీద అవి లేని జాగ దొరకదు, అన్ని ఏరి సంచిల వేసుకుని రండి, చేను మంచిగయితది, వచ్చేసారి మీకే అలకగుంటది.

మన దిక్కు భూములల్ల ఎక్కువ దొరికేది సేద్యం సామానే. నాగలి కర్రు ముక్కలు, గుంటక కమ్మి, ట్రాక్టర్ కల్టివేటర్ బోల్టులు, బండి సీలలు, ఎద్దు నాడాలు. ఎద్దు నాడా మొదటిసారి చేతులకు వచ్చినప్పుడు మా కాక దాన్ని తీస్కొని చాలసేపు చూసిండు, ఏ ఎద్దుదో పేరు పెట్టి చెప్పిండు, ఆ ఎద్దు ఏ సంతల కొన్నది, ఎన్ని పంటలు దున్నింది, అంత. నాణేల కన్న నాకు అదే ఎక్కువ అనిపిచ్చింది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఈ మెషీన్ మన ఊర్లల్ల నిజంగ అక్కరకొచ్చేది పోయిన వస్తువులు వెతకడానికి. పత్తి ఏరే రోజులల్ల ప్రతి ఊర్ల ఎవలదో ఒకలది కమ్మనో, ముక్కుపుల్లనో, పుస్తెనో పోతనే ఉంటది. తలకు కట్టిన రుమాలు తీసేటప్పుడు కమ్మ దానికి చిక్కుతది, ఒడి దించి పత్తి కుప్ప పోసేటప్పుడు మెడల గొలుసు గుంజుకుంటది. మా చిన్నమ్మ కమ్మ అట్లనే పోయింది. కూలికి పోయినకాడ, వేరేవాళ్ళ చేన్ల. “కొడుకా, పొద్దుగాల ఉండె, సద్ది తినేటప్పుడు చెవి తడుముకుంటే లేదు, ఇంట్ల ఇంకా ఎవలకు చెప్పలే” అని ఫోన్ చేసింది. ఆ గొంతు విన్నంక ఆగలేం కదా.

మొదట చేను ఆసామిని అడిగినం, ఆయన మంచోడు, ఎమ్మటే రమ్మన్నడు, రొటవేటర్ కొట్టియ్యకుండ ఆపిండు. అది ముఖ్యం, రొటవేటర్ పడితే మీదున్న కమ్మ జానెడు కిందికి పోతది, అంత చిన్న బంగారం జానెడు కింద నా మెషీన్‌కు వినపడదు. పత్తి సాళ్ళ నడుమ మూడడుగులే ఉంటది, పెద్ద కాయిల్ కట్టెకు తగిలి ఊకె టకటక అంటది, అందుకని చిన్న కాయిల్ బిగించిన. చేనంత కాదు, చిన్నమ్మ పొద్దుగాల ఏరిన సాళ్ళేవో, ఒడి ఎక్కడ దించిందో, ఏ చెట్టు కింద సద్ది తిన్నదో అడిగి అక్కడికే పోయినం. ఏరిన పత్తిని తాటిపత్రి మీద పల్చగ పరిచి దాని మీద కూడ తిప్పిన, కమ్మ పత్తిల చిక్కి బస్తాలకు పోతే ఇగ దొరకదు.

ఇక్కడ డిస్క్రిమినేషన్ గురించి చెప్పాలె. చెత్త సిగ్నళ్ళు వినపడకుండ మూసేసే బటన్ అది, కొత్తోళ్ళు అందరికన్న ముందు నొక్కేది దాన్నే. చిన్న బంగారం, పల్చటి రేకు, రెండు ఒకటే నంబర్లల్ల వస్తయి. పురుగుమందు డబ్బా మూత కింద ఉండే సీలు రేకు, గోళీల షీటు ముక్క, చిన్నమ్మ కమ్మ, మూడింటికి స్క్రీన్ మీద తేడా ఏం లేదు. రేకును మూసేసినమంటే కమ్మను కూడ మూసేసినట్టే. పత్తి చేన్ల మందు డబ్బా సీళ్ళు ఎన్నుంటయో రైతులకు చెప్పక్కరలే. అందుకే బంగారం వెతికేటప్పుడు ఇనుము ఒక్కటి వదిలి మిగతా ప్రతి సప్పుడుకు వంగాలె, నడుము నొచ్చినా సరే. మేం అట్లనే వంగినం. సీళ్ళు, సీళ్ళు, ఒక బ్లేడు ముక్క, మల్ల సీలు. యాపచెట్టు కాడ గట్టుకు ఆనుకుని చిన్న సప్పుడు, కింది నంబరే, గని రెండు దిక్కుల ఒకటే తీరు. అక్కడి మన్ను చేతుల తీసుకుని పిడికెడు పిడికెడు కాయిల్ మీద నుంచి అటుఇటు పోనిస్తే ఒక పిడికిలి మోగింది. మన్ను వేళ్ళ సందుల నుంచి రాలినంక కమ్మ మిగిలింది. చిన్నమ్మ అక్కడనే గట్టు మీద కూసుండి ఏడ్చింది. వెనుక సీల దొరకలే, అంత చిన్న తునక నా కాయిల్‌కు అందది కాదు, అదొకటి కంసాలి దగ్గర చేపిచ్చుకుంది.

ఆ తర్వాత ఊర్ల పేరు పడ్డది, వచ్చి అడిగేటోళ్ళు పెరిగిన్రు, దాంట్ల సగం మంది అడిగేది నిధి. పాత గుడి దగ్గర, గడీ గోడ కింద, పాటిగడ్డ (పాతకాలం ఊరున్న దిబ్బ) మీద చూపియ్యమంటరు. నేను పోను, మీరు కూడ పోవద్దని బతిమాలి చెప్తున్న. మన జిల్లాలల్ల నందిని పెకిలించి, లింగం కింద తవ్వి పాడుపెట్టిన గుళ్ళను చూసినోళ్ళకు ఆ బాధ తెలుసు. చట్టం కూడ సాఫ్‌గ ఉన్నది. 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిల దాచిన విలువైనది పది రూపాయలకు మించి దొరికితే రాతపూర్వకంగ కలెక్టర్‌కు తెలపాలె. నూరేండ్లు దాటిన నాణెం, విగ్రహం లాంటివి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తయి. నిజాం నాణేల మీద హిజ్రీ సంవత్సరం ఉంటది, 1344 అని ఉంటే అది 1925-26 నాటిది, లెక్కవేసుకోండి. కేంద్రం రక్షిత కట్టడాలకైతే నూరు మీటర్ల దాక కొత్తగ కట్టుడు, గనుల తవ్వకం నిషేధమే, దాని అవతల ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి ఉంటేనే.

చట్టం భయం కన్న పెద్ద కారణం ఒకటి ఉంది. 2024 మార్చిల సూర్యాపేట జిల్లా ఫణిగిరిల పురావస్తు శాఖ తవ్వకాలల్ల ఒక మట్టి కుండ బయటపడ్డది, దాంట్ల 3,730 సీసం నాణేలు, ఇక్ష్వాకుల కాలానివి, ఒక దిక్కు ఏనుగు, ఇంకో దిక్కు ఉజ్జయిని గుర్తు (నాలుగు సున్నాలు కలిపిన అడ్డం నిలువు గీతల ముద్ర). అవి ఏ పొరల ఉన్నయి, కుండ ఎట్ల మూసి ఉంది, పక్కన ఏమున్నయి, అన్ని కొలిచి రాసుకున్నరు కాబట్టి మనకు పదహారు పదిహేడు వందల ఏండ్ల కిందటి మన ఊరి సంగతి తెలిసింది. అదే కుండ గడ్డపార పట్టుకుని రాత్రిపూట పోయినోనికి దొరికి ఉంటే బంగారం కాదని పారబోసిపోయేటోడు. కృష్ణ ఒడ్డుకు ముడుమాల్ నిలువురాళ్ళు 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాల చేరినయి, అట్లాంటియి ఇంకా ఎన్ని గుట్టల పక్కన పేరు లేకుండ ఉన్నయో. అక్కడికి కాయిల్ పట్టుకపోకండి. మీ సొంత చేన్ల అయినా పాత కుండపెంకులు, నాణేలు ఒక్కకాడ కుప్పగ కనపడ్డయంటే చెయ్యి ఆపి, ఫోటో తీసి, తహసీల్దార్ ఆఫీసుల చెప్పండి.

ఎవలన్న వస్తువు పోగొట్టుకుని ఇది చదువుతుంటే ముందుగాల చెయ్యాల్సింది రాస్తున్న. పోయిందని తెలిసిన నిమిషంల ఉన్నకాడనే ఆగండి. పదిమందిని పిలిచి తొక్కియ్యొద్దు, కాళ్ళ కింద పడి మన్నుల దిగుతది. చివరగ ఎక్కడ చూసుకున్నరో అక్కడ ఒక కట్టె పాతండి, పోయిందని తెలిసినకాడ ఇంకోటి, వెతకాల్సింది ఆ రెండింటి నడుమనే. దున్నకండి, నీళ్ళు పారియ్యకండి. జత కమ్మలైతే రెండోది దగ్గర పెట్టుకోండి, దాన్ని మెషీన్‌కు వినిపించి అదే సప్పుడు కోసం వెతుకుతం. మెషీన్ ఉన్నోళ్ళు మీ దగ్గర్ల ఉంటే పిలవండి, కనగల్, నల్గొండ చుట్టుపక్కలైతే నేను వస్త, పైసలేం వద్దు, చేను ఆసామితోని ముందే మాట్లాడి పెట్టండి.